మౌలాలి ముడి

మానవపాడు
22 ఏప్రిల్ 2024

786

చెల్లె హుసేన్‌బీకి మజీద్ అన్న సలాం.

ఇక్కడ అందరం బాగున్నాము. పండుగకు నువ్వు పంపిన సేమియాలు అందాయి. మేనల్లుడు ఇలియాస్ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపాడట. సగం పొడి అయ్యాయి. రుచికి ఏం తేడా లేదు. నీ మోకాలు ఎట్లా ఉంది? వాము వేయించి గుడ్డలో కట్టి కాపడం పెట్టుకో.

ఒక సంగతి చెప్పాలి. ఫోన్ చేసి చెప్పమన్నాడు పక్కింటి భీమన్న. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

మన ఊరికి సినిమావాళ్లు వచ్చారు. గద్వాలలో లాడ్జిలో దిగారు. పొద్దున్నే కార్లలో వస్తారు. వరద సినిమా అట. తుఫాను, పడవలు, ఫైటింగులు అన్నీ ఉంటాయట. తుంగభద్రలో ఇప్పుడు బర్రె పడుకోవడానికి కూడా నీళ్లు లేవు. వరద కోసం ట్యాంకర్లు తెప్పిస్తున్నారు. ఒడ్డున ఒక వీధి కూడా కట్టారు. అచ్చం మన కింది వీధి లాగే ఉంది. దగ్గరికి వెళ్లి గోడ మీద చెయ్యి ఆనిస్తే లోపలికి పోయింది. థర్మాకోల్.

నేను చాయ్ హోటల్ బల్ల మీద కూర్చుని ఉన్నాను. డైరెక్టరు కింద పనిచేసే భానుప్రకాశ్ అనే అతను వచ్చి నా ముఖం ఆ పక్క నుంచి ఈ పక్క నుంచి చూశాడు. నా కుడిచేతి సగం వేలు కూడా చూశాడు. గడ్డి కోసే మిషన్‌లో పోయిన వేలు. అది కూడా బాగుందన్నాడు.

“తాతా, మా సినిమాల ఒక పెద్దాయన పాత్ర ఉంది. ఒక్క మాట గూడ మాట్లాడేది లేదు. చేస్తవా?”

నేను ఏమీ అనలేదు.

“చూసిండ్రా? గిదే గావాలె నాకు!” అని వెంట ఉన్నవాళ్లతో అన్నాడు.

మరునాడు చొక్కా కొలత తీసుకోవడానికి మనిషి వచ్చాడు. నేను ఒప్పుకున్నానని ఊరంతా అనుకుంటోంది. భీమన్నను అడిగాను. “నువ్వు ఒద్దనలే గద మామా” అన్నాడు.

కోప్పడకు. పిల్లలకు దువా చెప్పు.

మీ అన్న
అబ్దుల్ మజీద్


పాన్‌గల్
30 ఏప్రిల్ 2024

మజీదన్నా, సలాం.

నీ ఉత్తరం ఇలియాస్ దుకాణంల కూసోని సదివిన. మల్ల ఇంటికొచ్చి సదివిన. రెండుసార్లు సదివినా గట్లనే ఉంది. నాకు నీ లెక్క బడి తెలుగు రాయరాదు, నోటికొచ్చినట్టే రాస్త. కోప్పడకు అని రాసినవ్. కోప్పడ్డ. బాగ కోప్పడ్డ.

వరద సినిమాల జేస్తవా నువ్వు? అన్ని రకాల సినిమాలుండంగ గదే దొరికిందా? పెండ్లి సినిమాల ముసలాయన లెక్క కూసో, ఎవరొద్దంటరు? బిర్యానీ గూడ పెడ్తరు.

మా ఇంట్ల టీవీల ఇంగ్లీషోళ్ల తుఫాను సినిమాలు ఒస్తయి. తెలుగుల మాట్లాడ్తరు. మేడలంత అలలు ఒస్తయి, కార్లు గాలిల ఎగుర్తయి. పిల్లలకు మస్తు ఇష్టం. ఆ సప్పుడు ఇనవడితె చాలు, నేను లేసి బయటికి పోత. ఒకనాడు ఉమేరా అడిగింది, “దాదీ, అది ఉత్త గ్రాఫిక్స్, నీకేం బయ్యం?” అని. మనుమరాలికి ఏం జెప్పాలె? మీ తాత మౌలాలిని తీస్కపోయిన నీళ్లకు గ్రాఫిక్స్ లేకుండె అని జెప్పాలెనా?

ఆ మనిషి సంగతి తలుసుకుంటె నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది. మౌలాలి బతుకంత సగం సగమే. బోరు ఏపిస్త అన్నడు, సగంల ఆపిండు. మేకలు పెట్టిండు, ఈనకముందే అమ్మిండు. లారీ మీద క్లీనరు పని అని పోయిండు, పండుగకొచ్చి మల్ల పోలే. నేను తిట్టేదాన్ని, ఆయన నవ్వేటోడు. ఆఖరుకు అది గూడ సగమే జేసిండు. ఇగ దాని గురించి నేను రాయ.

నేను ఊరు ఇడిసి ఈ పాన్‌గల్ గుట్ట కిందికి ఎందుకొచ్చిన? ఈడ నది లేదని. బీచుపల్లి వంతెన మీద కృష్ణ చూడాల్సొస్తదని నీ ఇంటికి గూడ రాకపోతి. నువ్వేమో గా నీళ్లల్లనే దిగి తైతక్కలాడ్తవా?

ఒద్దను. నోరుంది గద, “ఒద్దు” అను. రెండే అక్షరాలు.

మోకాలు గట్లనే ఉంది. వాము పెట్టిన. ఏం కాలే.

హుసేన్‌బీ


మానవపాడు
9 మే 2024

786

చెల్లెకు సలాం.

నీ ఉత్తరం వచ్చింది. వద్దని చెప్పడానికి పోయాను. భానుప్రకాశ్ దగ్గర నిలబడ్డాను. అతను ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. తరువాత వేరే వాళ్లతో మాట్లాడాడు. తరువాత నా వైపు తిరిగి, “తాతా, ఎండల నిలవడకు” అని గొడుగు ఇప్పించాడు. గొడుగు కింద నిలబడి వద్దని చెప్పడం నాకు చేత కాలేదు. ఇంటికి వచ్చాను.

భీమన్న తన ఫోన్‌లో నాకు వరద సినిమాలు చూపించాడు. నేర్చుకోమన్నాడు. నాలుగైదు చూశాను. నాకు ఒకటి తెలిసింది. అన్నింటిలోనూ ముసలివాడు మొదలే చస్తాడు. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోపల పోతాడు. ఆయన పోతే హీరోకు కోపం వస్తుంది, కోపం వస్తే కథ నడుస్తుంది. కుక్క మాత్రం బతుకుతుంది. ఎంత పెద్ద అల వచ్చినా కుక్క బతుకుతుంది. ఆఖరున అందరూ దాన్ని ముద్దు పెట్టుకుంటారు.

“మామా, నువ్వు గూడ పోతవేమో కథల” అన్నాడు భీమన్న.

“కుక్క పాత్ర ఉందేమో అడుగు” అన్నాను. వాడు చాలాసేపు నవ్వాడు. నేను హాస్యమాడి ఎన్నేళ్లయిందో అన్నాడు.

నిన్న భానుప్రకాశ్ నా సీను చెప్పాడు. రాత్రిపూట వరద. హీరో పడవలో చిన్నపిల్లలు ఉంటారు. పడవకు కట్టిన తాడు నా చేతిలో ఉంటుంది. పడవ నా బరువుకు ఒరుగుతుంది. అప్పుడు నేను హీరోను చూసి, చిన్నగా నవ్వి, తాడు వదలాలి. నీళ్లు నన్ను తీసుకుపోతాయి. పడవ బతుకుతుంది. కింద పరుపు వేస్తారట, దెబ్బ తగలదట. 

“జనం ఏడుస్తరు తాతా. హాలు హాలంత ఏడుస్తది.”

నాకు అది నచ్చలేదు. తాడు పట్టుకున్న మనిషి ఎందుకు వదులుతాడు? అట్లా వదిలేది మన దగ్గర చూడలేదు. ఆ మాట అందామనుకున్నాను. రాలేదు. మళ్లీ ఒప్పుకున్నట్టే అయింది.

ట్యాంకర్ల నీళ్లు చూసి మేకలు పరుగెత్తుకొస్తున్నాయి. ఈ ఎండలకు అవే బాగుపడ్డాయి.

నీ మోకాలికి గద్వాల దవాఖానకు రమ్మంటే రావు. వనపర్తిలో అయినా చూపించుకో.

మీ అన్న
మజీద్


పాన్‌గల్
15 మే 2024

అన్నా,

సలాం గిలాం ఏం లేదు ఈసారి.

మౌలాలి సంగతి ఆ సినిమావాళ్లకు ఎవరు జెప్పిండ్రు? నువ్వే జెప్పినవ్. మాట రాదు, మాట రాదు అంటవ్. ఆళ్లకు జెప్పనీకి మాత్రం ఒచ్చిందా? ముసలాయన అంట, తాడంట, నడి వరదల వదిలిండంట. ఇది ఎవరి కథ? నేనేం పిచ్చిదాన్నా?

నా మొగుడు తాడు వదిలిండని నాకు ఎరుకనే. పదిహేనేండ్ల సంది ఎరుక. ఆ వరద నాడు నేను పిల్లలను పట్టుకోని బడి మిద్దె మీద ఉన్న. నువ్వు తడిసిన బట్టలతోని పైకొచ్చి నా ముంగల నిలవడ్డవ్. “పోయిండు” అన్నవ్. గంతే. ఇంకొక్క మాట అనలే. ఎనక మిద్దె మీదున్న రేణుకమ్మ ఎవరికో జెప్తుంటె ఇన్న. “అందర్ని దాటిచ్చిండంట గని, ఆఖరుకు శాతగాక తాడు వదిలిండంటమ్మా పాపం.” పాపం అంట!

ముగ్గురు పిల్లలు మిద్దె మీద ఎదురు జూస్తుంటె వదిలిండు. బోరు లెక్క, మేకల లెక్క, లారీ లెక్క. జర గట్టిగ పట్టుకుంటె ఏం పోతుండె? నువ్వు పట్టుకున్నవ్, నువ్వు బతకలేదా? భీమన్న పట్టుకున్నడు, బతకలేదా? ఈ మాట నేను ఎవ్వరి కాడ అనలే. ఇలియాస్ కాడ గూడ అనలే. నాయిన మంచోడు అని పెంచిన ఆళ్లను.

ఇప్పుడు నువ్వు నవ్వుకుంట వదుల్తవు, హాలంత ఏడుస్తది. నేను ఏడ్వ. నేను టిక్కెట్టు గూడ కొన.

హుసేన్‌బీ


మానవపాడు
21 మే 2024

786

చెల్లె,

మౌలాలి తాడు వదల్లేదు.

నీ ఉత్తరం చదివి లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చుని రాస్తున్నాను. వదల్లేదు. సినిమావాళ్లకు నేను ఒక్క మాట చెప్పలేదు. వాళ్ల కథ వాళ్లదే. రేణుకమ్మ అక్కడ లేదు. నేను ఉన్నాను.

నాకు రాయడం కష్టం. అయినా రాస్తాను, నిమ్మళంగా చదువు.

ఆ రోజు కింది వీధి నుంచి మసీదు మిద్దెకు తాడు కట్టాము. మసీదు వైపు కిటికీ ఊచకు నేను కట్టాను. కింది వైపు జంగమ్మ వాళ్ల పశువుల కొట్టంలో గుంజకు మౌలాలి కట్టాడు. నీళ్లు రొమ్ము దాకా ఉన్నాయి. ఒక్కొక్కరు తాడు పట్టుకుని నా వైపు వస్తున్నారు. మనుషుల బరువుకు గుంజ ఊగసాగింది. తాడు జారకుండా మౌలాలి దాన్ని తన చేతికి కూడా చుట్టుకుని ముడి వేశాడు. వీపు గుంజకు ఆనించి నిలబడ్డాడు. గుంజతో పాటు తనూ ఒక గుంజ అయ్యాడు.

జంగమ్మ దాటింది. భీమన్న తల్లిని, పిల్లలను దాటించాడు. ఆఖరి మనిషి వచ్చాక నేను కేక వేశాను. నేను కేక వేసింది బతుకులో ఆ ఒక్కసారే.

“మౌలాలీ, ఇగ నువ్వు రా!”

“ముడి ఇప్పుకుంటున్న, ఆగు!” అన్నాడు. నవ్వుతున్నాడు కూడా. నీకు తెలుసు కదా ఆయన నవ్వు.

ముడి విప్పుకోవడానికి రాలేదు. తడిసిన తాడు. బిగుసుకుపోయింది. పళ్లతో లాగుతున్నాడు. నేను తాడు పట్టుకుని దిగాను. సగం దాకా పోయాను. అప్పుడు కొట్టం లేచింది. గుంజ, దూలాలు, కప్పు అన్నీ ఒక్కసారి లేచాయి. గుంజతో పాటు ఆయన పోయాడు. నా వెనక ఊచ దగ్గర తాడు తెగింది. నా వెనకే దిగిన భీమన్న నా అంగీ పట్టి లాగాడు.

ఆయన ఆ ముడి వేసుకోకపోతే బతికేవాడు. ఈ సంగతి నీకు ఎట్లా చెప్పాలి? బడి మిద్దె మెట్లు ఎక్కుతూ అనుకుంటూ వచ్చాను, ఎట్లా చెప్పాలి అని. నీ ముఖం చూడగానే ఒక్క మాటే వచ్చింది. నువ్వు ఏమీ అడగలేదు. అడగకపోవడం మంచిదే అయిందనుకున్నాను. నువ్వు వేరే అనుకుంటున్నావని నాకు తెలియదు. నా మాట లేని చోట రేణుకమ్మ మాట కూర్చుంది.

షూటింగ్ వచ్చే వారం. పోను. వద్దని ఈసారి కాగితం మీద రాసి ఇస్తాను.

మజీద్


పాన్‌గల్
27 మే 2024

అన్నా, సలాం.

నీ ఉత్తరం ఒచ్చినంక బువ్వ వండలే. ఇలియాస్ హోటల్ నుంచి తెచ్చిండు. ఎవ్వరితోని మాట్లాడలే. పరేషాన్ అయి దవాఖానకు తీస్కపోత అన్నడు. పోరా, నాకేం రోగం లేదన్న.

మొదలు నేను నిన్ను నమ్మలే. నన్ను ఊకుంచనీకి రాసినవనుకున్న. అన్న గద, చెల్లె ఏడుస్తదని కథ అల్లిండు అనుకున్న. కోపమొచ్చి చించుదామనుకున్న. ఆఖరిసారి సదువుతుంటె ఒక కాడ ఆగిన. “ముడి ఇప్పుకుంటున్న, ఆగు.”

అన్నా, నీకు యాదున్నదా? ఆయన బర్రెను కట్టేస్తె పొద్దుగాల ఆ పలుపు ముడి ఇప్పనీకి నాకు ఎన్నడన్న ఒచ్చిందా? గోర్లు ఇరిగేటివి. పండ్లతోని గుంజేదాన్ని. ఎన్ని పలుపులు కొడవలితోని కోసిన! “ఏ పనైన సగంల వదుల్తవ్, ముడి మాత్రం గింత గట్టిగ ఎందుకేస్తవ్?” అని తిట్టేదాన్ని. “అదొక్కటే వస్తది నాకు” అనేటోడు.

నువ్వు అబద్ధమాడితె గా ముడి సంగతి నీకు తట్టదు. నీకు అబద్ధం అల్లేటంత మాట యాడుంది?

కొడవలి ఉంటె బతికేటోడు. నేను ఆడ ఉంటె కోస్తుండె.

ఇగ ఏడ్వ. పదిహేనేండ్లు ఆయన మీద కోపంతోని ఉన్న, ఇప్పుడు ఎవరి మీద కోపపడాలె? నీళ్ల మీద పడ్త. ఆ సినిమావాళ్ల మీద పడ్త. నవ్వుకుంట వదుల్తడంట! ఎవడు నవ్వుకుంట వదిలిండు? ఆళ్లకు వదిలేటోడే కనవడ్డడా? పట్టుకున్నోడు కనవడ్లేదా?

నువ్వు పోకుంటె ఆళ్లు కర్నూలు నుంచి ఇంకో ముసలోన్ని తెస్తరు. ఆడు వదుల్తడు. అందుకే నువ్వు పో. పొయ్యి పట్టుకో. కింద పరుపు కాదు, పట్టు పరుపు ఏసినా వదలకు. నువ్వు గనక వదిలినవంటె నీ గడప తొక్క. ఇంతకుముందు గూడ తొక్కలే, అది ఏరే సంగతి.

మాట అక్కర లేదు గద నీ పాత్రకు. మంచిదే. చెయ్యి ఉంది గద.

నీ చెల్లె
హుసేన్‌బీ


మానవపాడు
8 జూన్ 2024

786

చెల్లెకు సలాం.

నీ ఉత్తరం చదివి, వద్దని రాసిన కాగితం ఇవ్వకుండానే పోయాను. షూటింగ్ అయింది. ఇలియాస్ ఫోన్‌కు ఏదో వీడియో వచ్చిందట, నన్ను నలుగురు మోసుకుపోతున్నట్టు. పరేషాన్ కావద్దు. కాళ్లకు తాడు చిక్కి నడవలేకపోయాను, అంతే. నేను బాగున్నాను.

జరిగింది రాస్తాను.

ఎత్తు మీద పెద్ద ఇనుప తొట్లు కట్టి ట్యాంకర్లతో నింపారు. వాటి ముందు జారుడుబల్ల లాంటి రేకు. మూత తెరిస్తే నీళ్లన్నీ ఒక్కసారి మీద పడతాయి. తలుపంత పంకాలు పెట్టి గాలి కొట్టారు. పైపులతో వాన. నా తాడు పడవకు కట్టినట్టు కనిపించాలట గానీ, అసలు కొస ఒక ఇనుప గుంజకు కట్టారు. వెనక పొడుగునా పచ్చ గుడ్డ కట్టారు. “దాని మీద నది వస్తది మామా, హైదరాబాద్ల కంప్యూటర్ల” అన్నాడు భీమన్న. అసలు నది ఆ గుడ్డ వెనకే ఉంది. దానికి అడ్డంగా గుడ్డ కట్టి, లేని నదిని తెస్తున్నారు.

మొదటిసారి నీళ్లు వచ్చాయి. దెబ్బ గట్టిగానే తగిలింది. నేను తాడు పట్టుకుని ఉన్నాను. నీళ్లు పోయాయి. నేను ఉన్నాను.

“కట్! తాతా, వదలాలె!”

మళ్లీ తొట్లు నింపారు. నీళ్లు వచ్చాయి, పోయాయి. నేను ఉన్నాను. 

“బయపడుతున్నడు” అన్నాడు డైరెక్టరు. నా చేతికి, తాడుకు నూనె రాయమన్నాడు. జారితే వదిలినట్టే కనిపిస్తుందట. వాళ్లు రాసి పోయాక నాకు ఒకటే దారి కనిపించింది. మౌలాలి ముడి నాకు వచ్చు. గొర్రెలు కాసే రోజుల్లో నేర్పాడు. వెయ్యడం నేర్పాడు, విప్పడం నాకు రానే లేదు. తాడు చేతికి చుట్టి ఆ ముడి వేసుకున్నాను.

ఈసారి ఎక్కువ నీళ్లు వదిలారు. థర్మాకోల్ గోడ లేచిపోయింది. వీధి సగం కొట్టుకుపోయింది. హీరో పడవ వెళ్లి పంకాకు తగిలింది. ఆయన నీళ్లలో పడ్డాడు. పరుపు ఆయనకు పనికొచ్చింది. నీళ్లు తగ్గాక చూస్తే అక్కడ నిలబడి ఉన్నది నేను, తాడు కట్టిన ఇనుప గుంజ. పాతేటప్పుడు సిమెంటు పోశారు దానికి. జంగమ్మ కొట్టం గుంజకు ఎవరూ పోయలేదు.

డైరెక్టరు నీళ్లలో నడుచుకుంటూ వచ్చాడు.

“ఎందుకు వదల్లే?”

“వదల” అన్నాను.

“ఎందుకు?”

“మావోళ్లు వదలరు.”

భానుప్రకాశ్ నెత్తి పట్టుకున్నాడు. “ఒక్క మాట లేని పాత్రని తీస్కుంటె, ఇప్పుడే మాట్లాడాలెనా తాతా నువ్వు!”

ముడి విప్పడానికి ముగ్గురు కూర్చున్నారు. రాలేదు. ఆఖరుకు బ్లేడుతో తాడు కోశారు. నన్ను మోసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టారు. “ముసలాయనను పంపించుండ్రి” అన్నాడు డైరెక్టరు.

భానుప్రకాశ్ నన్ను కారులో ఇంటి దాకా తెచ్చాడు. అతను అడిగాడు. నేను చెప్పాను, మౌలాలి సంగతి. నీకు రాశాను కదా, ఒకసారి రాసిన మాట నోటికి వచ్చింది. దిగేటప్పుడు అన్నాడు, “నా చేతిల ఏం లేదు తాతా. ఆళ్లు ఏం పెడ్తరో తెల్వదు.”

సినిమాలో ఏముంటుందో నాకూ తెలియదు. నేను మాత్రం వదల్లేదు. 

అరచేయి తోలు లేచింది. పసుపు పెట్టాను.

మీ అన్న
మజీద్


పాన్‌గల్
15 సెప్టెంబర్ 2025

మజీదన్నా, సలాం.

సినిమా ఒచ్చింది. నువ్వు చూడనన్నవంట, భీమన్న ఇలియాస్‌కు జెప్పిండు. నేను చూసిన. ఔ, నేనే. టిక్కెట్టు కొన అన్నదాన్ని, కొన్న. వనపర్తిల, ఇలియాస్, కోడలు, ఉమేరా, నేను. నా జన్మల వరద సినిమాకు పోత అనుకోలే.

మొదలు కండ్లు మూసుకున్న. ఆ సప్పుడుకు కుర్చీ సుత ఊగింది. ఉమేరా నా చెయ్యి పట్టుకుంది. “దాదీ, తాత ఒస్తుండు, కండ్లు తెరువ్” అన్నది. తెరిసిన. నువ్వే. నీ మొకం హాలు గోడంత. ఒళ్లంత తడిసి, గడ్డం కారుకుంట, తాడు పట్టుకోని చూస్తున్నవ్. చెల్లెను గాబట్టి జెప్తున్న, మస్తు ఉన్నవ్. మా ముంగటి కుర్చీల ఆడామె “అయ్యో పెద్దాయన” అన్నది.

గప్పుడు చెయ్యి చూపిచ్చిండ్రు. చెయ్యి ఒక్కటే, తెరంత. వేళ్లు ఒక్కొక్కటి తీసి తాడు వదిలింది. వేళ్లన్ని నిండుగ ఉన్నయి అన్నా. సగం వేలు లేదు. అది నీ చెయ్యి గాదు. ఎవని చెయ్యో తెచ్చి నీ మొకం కింద పెట్టిండ్రు.

ఏడుస్తున్నరు జనం, ముక్కులు గుంజుతున్నరు. నాకు ఏమైందో తెల్వదు. లేసి నిలవడ్డ. మోకాలు నొప్పి సుత తెల్వలే. ఒర్రిన.

“వదల్లే! అబద్ధం! వదల్లే ఆయన!”

అందరు మర్లి చూసిండ్రు. ఇలియాస్ నా కొంగు గుంజి, “అమ్మా, కూసో, సినిమా అది” అన్నడు. “నీ నాయిన వదల్లేరా!” అన్న. వాని కాడ ఆ మాట అన్నది గదే మొదలు. వాడు కూసున్నోడు కూసున్నట్టే నా దిక్కు చూసిండు. ఎనక నుంచి ఎవడో పోరగాడు, “అవ్వా, జర కూసో, హీరో కొడ్తుండు” అన్నడు. “కొట్టనియ్ బిడ్డా, వాని పని వాడు జేస్కోనియ్. నువ్వు గిది ఇను” అన్న.

ముంగటామె ఎనకకు తిరిగి అడిగింది, “ఏమైంది పెద్దమ్మా?” అని. చెప్పిన. తాడు, జంగమ్మ కొట్టం, గుంజ, ముడి. పక్కలోళ్లు గూడ ఒంగి ఇన్నరు. తెర మీద ఏందో పేలుతుంది, మేడలు కూల్తున్నయి, మా వరుసల ఎవ్వరు చూస్తలేరు. నేను ఆపినంక ఆమె అన్నది, “గట్లనా? మరి గదే తియ్యాలె గద సినిమా.” గంతే అన్నది. నాకు చాలు.

పదిహేనేండ్లు ఇంట్ల కూసోని నా మొగుని మీద కొట్లాడిన. మొన్న హాలు నడుమ నిలవడి ఆయన తరఫున కొట్లాడిన. నోరు నొప్పి పెట్టింది గని పానం నిమ్మళమైంది. ఇలియాస్ ఇంటికొచ్చినంక తలుపు కాడ్నే కూసోని, “మల్ల జెప్పు” అన్నడు. మల్ల జెప్పిన.

సినిమా ఎట్ల అయిపోయిందో నాకు తెల్వదు. కుక్క బతికిందేమో, భీమన్నను అడుగు.

వచ్చే జుమ్మాకు నీ కాడికి వస్త. ఇలియాస్ తీస్కొస్త అంటుండు. నది నిండ ఉన్నదని తెల్సు, తెల్సే వస్తున్న. బీచుపల్లి వంతెన మీద కండ్లు తెరుసుకోనే వస్త. అది నన్ను చూడాలె, నేను దాన్ని చూడాలె. జంగమ్మ కొట్టం ఉన్న జాగ నాకు చూపియ్యాలె నువ్వు. ఆ ముడి నీ కాడ్నే ఉన్నదా, పారేసినవా?

నీ చెల్లె
హుసేన్‌బీ


మానవపాడు
18 సెప్టెంబర్ 2025

786

చెల్లెకు సలాం.

రా. నీళ్లు మసీదు కింది మెట్టు దాకా ఉన్నాయి. జాగ చూపిస్తాను.

ముడి ఉంది. కిటికీ ఊచకు వేలాడదీశాను. తాడు ఎండింది, అది మాత్రం ఊడలేదు. భీమన్న ఒకసారి విప్పబోయి మానుకున్నాడు.

కొడవలి తేవద్దు.

మజీద్